చీటీ వేసి ఇచ్చే లెవెలా, మనం ఎంచుకునే లెవెలా: డెక్‌బిల్డర్‌లో ఏది మేలు?

చేతిలో మూడు బ్లేడ్ డాన్స్ కార్డులు, మూడు ఎనర్జీ. ఒక్కోటి వేస్తే మూడు షివ్‌లు, అంటే చిన్న కత్తులు, చేతికొస్తాయి. వాటికి ఎనర్జీ ఖర్చు లేదు. ‘స్లే ద స్పైర్’ ఒక డెక్‌బిల్డర్, అంటే ఆడుతూ ఆడుతూ మన కార్డుల కట్టను (డెక్) కూర్చుకునే వీడియోగేమ్. అందులో సైలెంట్ అనే పాత్రతో ఆడేవాళ్లు ఇంతకన్నా మంచి ముక్కలు కోరుకోరు. నేనూ మురిసిపోయి గబగబా వేసేశాను. ఎదురుగా ఉన్నది టైమ్ ఈటర్. మనం పన్నెండు కార్డులు వేయగానే మన వంతును అక్కడికక్కడే కట్ చేసి, తన బలం 2 పెంచుకునే బాస్, అంటే చివర్లో ఎదురయ్యే పెద్ద శత్రువు. మూడు బ్లేడ్ డాన్స్‌లు, తొమ్మిది షివ్‌లు. లెక్క సరిగ్గా పన్నెండు. ఎనర్జీ అక్కర్లేని డిఫెన్స్ కార్డు ఇంకొకటి చేతిలో ఉంది. వేసే అవకాశమే రాలేదు.

అదే గదిలో అవేకెన్డ్ వన్ ఉండుంటే ఎన్ని కార్డులు వేసినా పట్టించుకునేది కాదు. మనం పవర్ కార్డు వేసిన ప్రతిసారీ బలం పెంచుకునే రకం అది. డోను, డెకా జంట పడుంటే ఇంకో కథ. మూడో యాక్ట్‌లో, అంటే ఆట మూడో భాగంలో, ఈ మూడింట్లో ఏది పడుతుందన్నదాన్ని బట్టి ఒకే డెక్ బంగారమూ అవుతుంది, మట్టీ అవుతుంది.

లెవెల్ వేరియంట్, అంటే ఒకే లెవెల్‌కి ఇంకో రూపం, అనగానే చాలామందికి కొత్త బ్యాక్‌గ్రౌండు, కొత్త మ్యూజిక్కు గుర్తొస్తాయి. వేరే ఆటల్లో సరే. డెక్‌బిల్డర్‌లో మాత్రం లెవెల్ మారిందంటే డెక్‌కి పెట్టే పరీక్ష పేపరు మారిందని అర్థం. కాబట్టి ఆ పేపరు ఎవరు తీయాలి, ఆట చీటీ వేయాలా, మనం ఎంచుకోవాలా అన్నదే అసలు ప్రశ్న.

ముందు పాత పద్ధతి సంగతి. మొదటి ‘స్లే ద స్పైర్’ 2017 నవంబర్‌లో ఎర్లీ యాక్సెస్‌కి (పూర్తికాకముందే ఆటగాళ్ల చేతికిచ్చే దశకి) వచ్చి, 2019 జనవరి 23న పూర్తి ఆటగా విడుదలైంది. అందులో లెవెల్‌కి వేరే రూపం అంటూ లేదు. మొదటి యాక్ట్ ఎప్పుడూ ఎక్సోర్డియమే, రెండోది సిటీ, మూడోది బియాండ్. మారేది మ్యాపులోని దారులు, కాపలా కాసేవాళ్లు. ఒక్కో యాక్ట్‌కి ముగ్గురు బాస్‌లు, అందులో ఒకరు. మూడు మూళ్లు తొమ్మిది, మూడు తొమ్మిదులు ఇరవై ఏడు. ఇన్నేళ్లుగా జనం విసుక్కోకుండా ఆడుతున్నది ఈ 27 కలయికల మీదే అంటే నమ్మబుద్ధి కాదు.

దీని గొప్పదనం ఒక చిన్న బొమ్మలో ఉంది. యాక్ట్ మొదలవగానే మ్యాపు పైన బాస్ గుర్తు కనిపిస్తుంది. హెక్సాఘోస్ట్ అని తెలిస్తే ఒక రకంగా కార్డులు ఏరుకుంటాం, సగం ప్రాణం పోగానే రెండుగా చీలే స్లైమ్ బాస్ అని తెలిస్తే ఇంకో రకంగా. పదిహేను అంతస్తుల ముందే చెప్పి కొడుతుంది కాబట్టి ఓడినా కోపం రాదు. నా షివ్‌ల కథలోనూ టైమ్ ఈటర్ బొమ్మ పైన కనబడుతూనే ఉంది. చూసీ చూడనట్టు వదిలేసింది నేనే.

ఎలైట్‌ల దగ్గర, అంటే మామూలు శత్రువులకన్నా గట్టివాళ్ల దగ్గర, మాత్రం ఆ దయ చూపదు. ఎలైట్ గుర్తు మీద నొక్కితే లోపల గ్రెమ్లిన్ నాబ్ ఉందో, నిద్రపోతున్న లాగావులిన్ ఉందో, మూడు సెంట్రీలు ఉన్నాయో అడుగు పెడితేగానీ తెలియదు. స్కిల్ కార్డు వేస్తే నాబ్‌కి ఒళ్లు మండుతుంది. లాగావులిన్ మనకు సర్దుకునే టైమ్ ఇస్తుంది. అంటే ఒకే ఆటలో చెప్పి పెట్టే పరీక్షా ఉంది, చెప్పకుండా పెట్టే పరీక్షా ఉంది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇప్పుడు ‘స్లే ద స్పైర్ 2’. 2026 మార్చి 5న ఎర్లీ యాక్సెస్‌లోకి వచ్చిన ఈ ఆట మొదటి యాక్ట్‌కే రెండు రూపాలు పెట్టింది: ఓవర్‌గ్రోత్, అండర్‌డాక్స్. ఒకటి చెట్లూ తీగలూ అల్లుకున్న చోటు, రెండోది నీళ్లూ చీకటీ నిండిన అడుగుభాగం. శత్రువులు వేరు, ఎలైట్‌లు వేరు, బాస్‌లు వేరు. ఏది పడుతుందో ఆటే తేలుస్తుంది. ఒక్కో రూపానికి ముగ్గురు బాస్‌ల చొప్పున లెక్కేసుకుంటే, మొదటి యాక్ట్‌కి ఒక్క రూపం చేర్చగానే 27 కాస్తా 54 అవుతుంది. మూడు యాక్ట్‌లకూ రెండేసి రూపాలు వస్తే ఆరు, ఆరు, ఆరు: 216. చేసేది మూడు కొత్త లెవెల్స్, పెరిగేది ఎనిమిది రెట్లు.

వేరియంట్‌ను మొదటి యాక్ట్‌తోనే మొదలుపెట్టడం తెలివైన పని. రోగ్‌లైక్‌లో, అంటే ఓడితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే ఆటలో, మనం ఎక్కువసార్లు చూసే చోటు మొదటిదే. వంద రన్‌లు (మొదటి నుంచి గెలుపో ఓటమో దాకా ఆడితే ఒక రన్) ఆడితే వందసార్లూ అక్కడి నుంచే బయల్దేరాలి, మూడో యాక్ట్ మొహం అందులో ఎన్నిసార్లు చూస్తామో మన ఆటను బట్టి. విసుగు మొదట పుట్టేది కూడా ఇక్కడే. అవే మొదటి మూడు ఫైట్లు, అదే స్ట్రైక్, డిఫెండ్. కొత్త రూపం వేయాల్సింది అరిగిపోయిన చోటే కదా.

చీటీతో వచ్చే చికాకూ లేకపోలేదు. రెండు రూపాలకూ సమాన అవకాశం ఉంటే, వరసగా మూడు రన్‌లు ఒకటే పడటానికి నాలుగింట ఒక వంతు అవకాశం. అంటే తరచూ జరిగేదే. జరిగినప్పుడు మాత్రం ఆట మనమీద పగబట్టినట్టే ఉంటుంది. మా ఫ్రెండ్ ఒకడు “అండర్‌డాక్స్ పడిందంటే రీస్టార్ట్ కొట్టేస్తాన్రా, అంత ఓపిక లేదు” అంటాడు. వాణ్ని తిట్టాను గానీ, నేనూ కొట్టాను. ఒకసారి కాదు.

ఇక రెండో వైపు, మనం ఎంచుకునే పద్ధతి. డెక్‌బిల్డర్లలోనే ‘అక్రాస్ ది ఒబెలిస్క్’ చూడండి. సెనెంథియా ముగిశాక వెల్కరాత్‌కి వెళ్లాలా, ఆక్వార్‌ఫాల్‌కా, ఫేబోర్గ్‌కా అన్నది ఆటగాళ్ల ఇష్టం. నిప్పు కార్డుల మీద నడిచే టీమ్ నిప్పుల కొండ వెల్కరాత్ వైపు వెళ్లేముందు రెండుసార్లు ఆలోచిస్తుంది. డెక్‌బిల్డర్ కాకపోయినా ‘స్పెలంకీ 2’ కూడా ఇదే దారి. మొదటి ప్రాంతం దాటాక రెండు తలుపులు, ఒకటి అడవికి, ఒకటి వోల్కానాకి. మీ ఇష్టం.

వినడానికి ఇదే బాగుంటుంది. స్వేచ్ఛ ఉంది, వ్యూహం ఉంది. ఆడగా ఆడగా తెలిసేదేంటంటే, ఊరికే ఇచ్చిన ఎంపిక నెమ్మదిగా అలవాటైపోతుంది. ఏ దారి కాస్త సులువో రెండు వారాల్లో అందరికీ తెలిసిపోతుంది, తర్వాత రెండో దారి అలంకారానికి మిగులుతుంది. పైగా డెక్‌బిల్డర్‌కి ప్రాణం ఏంటి? మనం అడగని ప్రశ్నకు చేతిలో ఉన్న ముక్కలతో జవాబు వెతకడం. ప్రశ్న కూడా మనమే ఎంచుకుంటే, విషం డెక్ పట్టినవాడు విషం పనిచేసే చోటికే ప్రతిసారీ వెళ్తాడు. గెలుస్తాడు. నాలుగో గెలుపు గుర్తుండదు.

దీనికి మందు ‘ది బైండింగ్ ఆఫ్ ఐజాక్’ దగ్గర దొరుకుతుంది. అది డెక్‌బిల్డర్ కాదు, కాకపోయినా ఈ విషయంలో దానికున్నంత అనుభవం ఇంకో ఆటకి లేదనే చెప్పాలి. అందులో రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉన్నాయి. బేస్‌మెంట్ బదులు సెల్లార్, కేవ్స్ బదులు కాటకూంబ్స్ పడటం పూర్తిగా చీటీ వ్యవహారం. 2021లో వచ్చిన రిపెంటెన్స్ అనే అదనపు భాగం దానికి వేరే దారిని కూడా కలిపింది, కానీ తలుపు దగ్గర సుంకం కట్టాలి. డౌన్‌పోర్‌కి వెళ్లాలంటే ఒక తాళంచెవి. మైన్స్‌కి రెండు బాంబులు. మాసోలియం తలుపుకైతే రెండు గుండెల రక్తం ధారపోయాలి.

ఈ సుంకం ఎంపికను బతికిస్తుంది. ఆ తాళంచెవితో ఐటెమ్ గది తెరుచుకోవచ్చు, షాపు తెరుచుకోవచ్చు. దారి కోసం దాన్ని వదులుకోవాలంటే లెక్క వేసుకోవాలి, ఆ లెక్క ఒక్కో రన్‌లో ఒక్కోలా తేలుతుంది. రెండు గుండెలే మిగిలినప్పుడు మాసోలియం తలుపు ముందు నిలబడితే వచ్చే టెన్షన్ ఏ బాస్ దగ్గరా రాదు.

ఎర్లీ యాక్సెస్ అన్న మాట వల్ల ఈ పోలికలో ఇంకో కోణం వస్తుంది. ఆట ఇంకా వండుతున్నారు, ఉప్పు ఎక్కువైందో తక్కువైందో మన ఆటను చూసే తెలుసుకుంటారు. మొదటి ‘స్లే ద స్పైర్’ను ఆటగాళ్ల రన్‌ల లెక్కలు దగ్గర పెట్టుకునే సరిదిద్దారు. దాని రూపకర్తల్లో ఒకరైన ఆంథొనీ జొవన్నెటి 2019లో గేమ్ డెవలపర్ల సదస్సు జీడీసీలో దీని గురించే మాట్లాడారు. ఇప్పుడు లెవెల్‌ను ఆటగాడే ఎంచుకునే ఆటలో ఒక దారిలో గెలుపులు ఎక్కువ కనిపించాయనుకుందాం. దారి సులువా, లేక బలమైన డెక్ ఉన్నవాళ్లే అటు వెళ్తున్నారా? లెక్కల్లో ఈ రెండూ విడదీయడం నరకం. చీటీ వేస్తే ఆ గొడవ లేదు. బలమైనవాడూ బలహీనుడూ రెండు వైపులా సమానంగా పడతారు, కాబట్టి అండర్‌డాక్స్‌లో చావులు ఎక్కువైతే తప్పు అండర్‌డాక్స్‌దే.

ఒక్క షరతు. నచ్చనిది పడగానే నాలా రీస్టార్ట్ కొట్టకూడదు. అలా వదిలేసిన రన్‌ను ఓటమి కింద లెక్కిస్తే ఆ లెవెల్ ఉన్నదానికన్నా కష్టంగా కనిపిస్తుంది, లెక్కలోంచి తీసేస్తే మొండివాళ్లు మాత్రమే మిగిలి సులువుగా కనిపిస్తుంది. ఎటు చూసినా మెట్రిక్స్ పాడవుతాయి. ఈ సంగతి తట్టాక నేను ఆ పని మానేశాను. మా వాడు మానలేదు.

మరి ఏది మేలు? ఎక్కడ అన్నది తేల్చకుండా దీనికి జవాబు లేదు. రన్ మొదలైనప్పుడు ఐరన్‌క్లాడ్ అనే పాత్ర చేతిలో ఉండేవి ఐదు స్ట్రైక్‌లు, నాలుగు డిఫెండ్‌లు, ఒక బ్యాష్. ఆ పది కార్డులు పట్టుకుని ‘ఓవర్‌గ్రోతా, అండర్‌డాక్సా?’ అని అడిగితే దేన్ని చూసి చెప్పాలి? అందరి డెక్కూ ఒకటే, కాబట్టి అందరూ సులువైనదే అంటారు. ఇంకా డెక్కే లేని చోట ఎంపికకు అర్థం లేదు. అందుకే మొదటి యాక్ట్‌కి చీటీయే సరైనది, ఏం పడిందో ముందే చెప్పేస్తే చాలు. నాబ్ గదిలా దాచిపెట్టే చీటీ అయితే మాత్రం నేను ఒప్పుకోను. లెవెల్ అన్నది ఒక్క ఫైట్ కాదు, అరగంట ఆట.

రెండో యాక్ట్‌కి వచ్చేసరికి డెక్‌కి ఒక రూపం వస్తుంది. దానికి ఏది పడదో మనకు తెలుస్తుంది. అప్పుడు ఎంపిక ఇస్తే దానికి బరువుంటుంది. ‘అక్రాస్ ది ఒబెలిస్క్’, ‘స్పెలంకీ 2’ రెండూ మొదటి ప్రాంతం దాటాకే తలుపులు చూపించడం ఊరికే కాదు. నా ఓటు అక్కడ ఐజాక్ పద్ధతికి: రెండో రూపం ఉంటుంది, కానీ సుంకం కట్టాలి. కొత్తగా ఆడేవాళ్లకి మాత్రం ఇదేదీ వద్దు. మొదటి పది రన్‌లూ వచ్చిందే ఆడితే నయం, దారులు తెలియనివాడికి కూడలి తలనొప్పి.

సుంకం ఎలా ఉండాలో కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. మొదటి ‘స్లే ద స్పైర్’ చివర్లో గుండె అనే ఆఖరి బాస్ దాకా వెళ్లడానికి మూడు తాళంచెవులు అడుగుతుంది. ఒకటి కావాలంటే పెట్టెలో రెలిక్ (రన్ అంతా పనికొచ్చే వస్తువు) వదులుకోవాలి, ఒకటి కావాలంటే క్యాంప్‌ఫైర్ దగ్గర విశ్రాంతి వదులుకోవాలి, మూడోదానికి మంటలు కక్కే ఎలైట్‌ని కొట్టాలి. అదే కొలతను లెవెల్ తలుపులకు పెడితే సరి.

ఆ షివ్‌ల రన్‌లో అలాంటి తలుపు ఒకటి ఉండి, ‘ఒక్క విశ్రాంతి వదులుకో, టైమ్ ఈటర్ లేని బియాండ్ ఇస్తా’ అని ఉంటే ఏం చేసేవాడిని? రెండో యాక్ట్ చివరి క్యాంప్‌ఫైర్ దగ్గర నా హెచ్‌పీ, అంటే ప్రాణం, 70కి 23. పడుకునేవాడినే అనుకుంటా. అయినా మౌస్ మాత్రం కాసేపు ఆ తలుపు మీదే ఆగి ఉండేది.