డాక్టర్‌కి ఐదు స్టార్లు, రిసెప్షన్‌కి ఒకటి

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్‌కి నడిచే దూరంలో, బట్టల షాపు పైన ఉంది ఈ స్కిన్ క్లినిక్. పేరు రాయను, ఎందుకంటే ముందు రిసెప్షన్‌ని తిట్టాలి. ఏడింటికి రమ్మని ఫోన్‌లో చెప్పి తొమ్మిది దాటాక పిలిచారు. లేజర్ ప్యాకేజీల వాళ్లు మాత్రం మా కళ్ల ముందే లోపలికి వెళ్లిపోయారు. చంటిపిల్లలతో వచ్చినవాళ్లం గోడకి ఆనుకుని నిలబడ్డాం.

మా బాబుకి మూడేళ్లు. జలుబు, జ్వరం తగ్గాక బుగ్గలు, మోచేతులు, మోకాళ్లు, పిర్రల మీద ఎర్రగా, గట్టిగా, పెసరగింజంత పొక్కులు లేచాయి. అమ్మవారు పోసిందని మా అత్తయ్య గుమ్మానికి వేపమండలు కట్టేశారు. నాకేమో ఒకటే టెన్షన్.

డాక్టరమ్మ వాడి చొక్కా విప్పించి, లైటు వేసి ఒళ్లంతా చూశారు. మెడ దగ్గర, చంకల్లో గడ్డలున్నాయేమోనని తడిమారు, లివర్ పెరిగిందేమోనని పొట్ట నొక్కారు. టీకాల కార్డు అడిగి హెపటైటిస్-బి వేయించారో లేదో చూసుకున్నారు. తర్వాత అత్తయ్యనే దగ్గరికి పిలిచి, "చూడండి పెద్దమ్మా, ఆటలమ్మ అయితే ఛాతీ, వీపు మీద కూడా నీటిపొక్కులు ఉండాలి. వీడికి అక్కడ ఒక్కటీ లేదు. రెండు చేతులకీ ఒకేలా వచ్చాయి" అన్నారు. అత్తయ్య ఇంకేం మాట్లాడలేదు. ఆవిడని అలా ఒప్పించినవాళ్లని నేనింతవరకు చూడలేదు!

దీన్ని జానోటి-క్రోస్టి సిండ్రోమ్ అంటారట. 1955లో ఇటలీలో జానోటి అనే డాక్టర్ మొదట గుర్తించారు. ఆ తర్వాత కొన్నాళ్లు హెపటైటిస్-బి వల్ల అనుకునేవారు, ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ఎప్‌స్టీన్-బార్ వైరస్. వైరస్ మీద ఒళ్లు తిరగబడటం వల్లే చర్మం ఇలా వాస్తుందని చెప్పారు. రెండు నుంచి ఎనిమిది వారాల్లో, ఒక్కోసారి ఇంకాస్త ఆలస్యంగా, దానంతటదే పోతుందట. కళ్లు పచ్చబడినా, తిండి మానేసినా వెంటనే తీసుకురమ్మన్నారు.

ఫీజు 700. రాసింది దురదకి కాలమైన్ లోషన్, అంతే. కింద మందుల షాపువాడు మాత్రం 480 రూపాయల సబ్బొకటి బిల్లులో కలిపాడు. చీటీలో ఏదని అడిగితే నవ్వుతూ తీసేశాడు. మీరూ బిల్లు చూసుకోండి.

బుగ్గలు తేటపడ్డాయి, మోకాళ్ల మీద ఇంకా కొన్ని ఉన్నాయి. శనివారం సాయంత్రం మాత్రం వెళ్లకండి. బండి పెట్టే చోటు లేదు, మెట్రోయే నయం.