నాలుగు గోడల జైలు, ఆరుబయలు జైలు

నాలుగు గోడల జైల్లో తలుపు తీసేదీ వేసేదీ వార్డరే. లేవాలన్నా తినాలన్నా గంట మోగాల్సిందే. పదేళ్లు అలా బతికినవాడు బయటికొచ్చాక కూడా తలుపు ముందు ఆగిపోతాడు, ఎవరో వచ్చి తీస్తారని.

ఆరుబయలు జైలు తీరే వేరు. నార్వేలోని బాస్టోయ్ దీవిలో ఖైదీలు చెక్క ఇళ్లలో ఉంటారు, పొలం పని చేస్తారు, పశువులను చూసుకుంటారు. పొద్దున్నే లేచి పనికి పోయే అలవాటు శిక్షాకాలంలోనే పడుతుంది. రేపు బయట కొలువు నిలబెట్టేది అదే.

చదువు మాత్రం గోడల మధ్యా చెప్పొచ్చు. జైల్లో చదువుకున్నవాళ్లు మళ్లీ నేరం చేసే అవకాశం 43 శాతం తక్కువని 2013లో అమెరికాలోని రాండ్ సంస్థ లెక్కతేల్చింది.

ప్రమాదకరమైనవాళ్లకు గోడలు తప్పవు, కాదనను. కానీ విడుదలయ్యేవాళ్లకు చివరి ఏడాదైనా ఆరుబయటే గడవాలి.