ఎడమచేతివాడి చేతిలో రెండు రైఫిళ్లు

నేను ఎడమచేతివాణ్ని. ఈ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే రైఫిల్ తయారుచేసేవాళ్లలో చాలామందికి మేం గుర్తుండం.

ఆరు నెలలుగా రెండు పాయింట్ 22 (అంగుళంలో 0.22 వంతు మందం తూటా) రైఫిళ్లు మార్చి మార్చి వాడుతున్నాను. ఒకటి పది తూటాల సెమీ ఆటోమేటిక్, ఇంకోటి ఐదు తూటాల బోల్ట్ యాక్షన్, అంటే తూటా వెనక మూతలా ఉండే బోల్ట్‌ను ప్రతిసారీ చేత్తో కదిలించాల్సింది. పనల్లా 50 మీటర్ల అవతల కాగితానికి చిల్లులు పెట్టడమే.

మొదట మనసుపడింది సెమీ ఆటో మీదే. పేలిన తూటా ఒత్తిడికే బోల్ట్ వెనక్కి వెళ్లి ఖాళీ కేసును, అంటే తూటా తొడుగును, బయటికి విసిరేస్తుంది. స్ప్రింగ్ దాన్ని ముందుకు తోసినప్పుడు ఇంకో తూటా బ్యారెల్ మొదట్లో ఉండే చాంబర్‌లోకి చేరుతుంది. మనం ట్రిగ్గర్ నొక్కుతూ పోవడమే. మొదటిరోజు 50 తూటాల డబ్బా పావుగంటలో ఖాళీ. టార్గెట్ జల్లెడైపోయింది, మధ్యలో పది రింగు మాత్రం చెక్కుచెదరలేదు.

కేసులు కుడివైపుకు ఎగురుతాయి. ఎడమ భుజానికి ఆనించేవాడికి అవి బయటపడే కిటికీ సరిగ్గా ముఖం ముందుంటుంది. పేలిన ప్రతిసారీ కాస్త పొగ, నాలుగు మసి రేణువులు ముక్కు మీదికి. ఒకసారి వేడి కేసు కుడి మోచేతి మడతలో ఇరుక్కుంది. కాలుతున్నా బ్యారెల్‌ను పక్కకు తిప్పకూడదు కదా, పళ్లు బిగించి రైఫిల్ దించాకే దులుపుకున్నాను. కళ్లద్దాలు లేకుండా దీని జోలికి పోకండి.

బోల్ట్ రైఫిల్‌కు పిడి కుడివైపే. నిలబడి కాలిస్తే నరకమే, ఎడమచెయ్యి పైనుంచి దాటించి లాగాలి. కానీ ఇసుకసంచి మీద ఆనిస్తే కథ మారిపోయింది. ఎడమచెయ్యి పట్టు వదలదు, చెంప కదలదు. ఖాళీగా ఉన్న కుడిచేత్తో పిడి ఎత్తి, లాగి, తోసి, దించడమే. కుడిచేతివాళ్లయితే ప్రతిసారీ పట్టు వదిలి మళ్లీ పట్టుకోవాలి!

తూటాల విషయంలో సెమీ ఆటోకు పేచీ ఎక్కువ. ధ్వని వేగం సెకనుకు దాదాపు 340 మీటర్లు. దానికంటే నెమ్మదిగా వెళ్లే తూటాలు వేస్తే బోల్ట్ పూర్తిగా వెనక్కి వెళ్లక ఖాళీ కేసు కిటికీలో నిలువుగా ఇరుక్కుంటోంది. బోల్ట్ యాక్షన్‌కు అదేం పట్టదు, తిప్పేది మన చెయ్యే. శుభ్రం చేయడమూ తేలిక: బోల్ట్ బయటికి లాగి వెనకనుంచి కడ్డీ దూర్చడమే.

ఒకే డబ్బాలోంచి చెరో పది కాల్చాను. బోల్ట్ చిల్లులు బొటనవేలు అదిమితే కనపడవు. సెమీ ఆటోవి దాచడానికి అగ్గిపెట్టె కావాలి. అనుమానమొచ్చి సెమీ ఆటో మేగజీన్‌లో (తూటాల పెట్టెలో) ఒక్కో తూటానే పెట్టి మళ్లీ కాల్చాను. చిల్లుల గుంపు దాదాపు సగానికి తగ్గింది. తప్పులో సగం నా తొందరదేనన్నమాట.

మొదటి రైఫిల్ అయితే బోల్టే తీసుకోండి. వరసగా నిలబెట్టిన రేకులు టపటపా పడగొట్టే సరదాకు సెమీ ఆటో. అయితే మేగజీన్ తీసేశాక కూడా చాంబర్‌లో ఒక తూటా ఉండొచ్చు. బోల్ట్ లాగి, కంటితో చూసి, వేలితో తడిమాకే అది ఖాళీ.

మొన్న ఒక పూట ఎడమచేతి బోల్ట్ మోడల్ కూడా పట్టి చూశాను. ఇన్నాళ్లూ కావాలనుకున్నదే. మొదటి తూటా పేలగానే నా కుడిచెయ్యి అక్కడ లేని పిడి కోసం తడుముకుంది.