నెలకు ఐదు వేలు: చీటీనా, ఆర్డీనా, సిప్పా?

బెంగళూరు మారతహళ్లిలో మా వీధిలో చాలా ఇళ్లు తెలుగువాళ్లవే. అనంతపురం, కడప, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లం. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఆదివారం భోజనానికి వస్తే మాటల్లో ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. "అక్కా, నెలకు ఐదు వేలు పక్కన పెట్టగలను. చీటీ వేయమంటావా, ఆర్డీ కట్టమంటావా, సిప్ మొదలుపెట్టమంటావా?" ఆర్డీ అంటే బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్, సిప్ అంటే మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే పెట్టుబడి.

క్రెడిట్ కార్డు బాకీ ఉందా అని ముందు అడుగుతాను. ఉంటే ఈ మూడూ వద్దు. ఆ బాకీ మీద చాలా కార్డులకు నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ పడుతుంది, అంటే ఏడాదికి నలభై దగ్గర. ఏ ఆర్డీ అంత ఇస్తుంది? ఆ ఐదు వేలూ నెలనెలా కార్డుకే కట్టి తీర్చేయాలి.

బాకీ లేకపోతే చీటీతో మొదలుపెడతాను, ఎందుకంటే మా ముగ్గురి చదువులూ అమ్మ వేసిన చీటీలతోనే గట్టెక్కాయి. ఇరవై మంది, తలా ఐదు వేలు, లక్ష చీటీ అనుకుందాం. ఒక నెల వేలంలో ఎవరో ఇరవై వేలు వదులుకుని పాట పాడితే వాళ్ల చేతికి ఎనభై వేలు వస్తాయి. వదులుకున్న ఇరవై వేలలో నడిపేవాళ్ల కమీషన్ ఐదు వేలు పోతుంది. మిగిలిన పదిహేను వేలూ అందరికీ పంచితే తలా 750, కాబట్టి ఆ నెల 4,250 కడితే చాలు. చివరిదాకా ఆగగలిగినవాళ్లకు ఇది బాగా గిట్టుతుంది. ముందే ఎత్తుకున్నవాళ్లకు మాత్రం అది అప్పు కిందే లెక్క.

నా దృష్టిలో చీటీకి ఉన్న అసలు బలం మొహమాటం. చీటీ నడిపేవాళ్లు పదో తారీఖున ఇంటికొచ్చి నిలబడితే లేదని ఎలా చెప్తాం? చేతిలో రూపాయి నిలవని మనిషి కూడా కట్టేస్తాడు. కానీ ఆ డబ్బు ఎవరి దగ్గర ఉంటుందో చూసుకోవాలి. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్టరైన చీటీకి ఒప్పందం ఉంటుంది, కమీషన్‌కు హద్దు ఉంటుంది (2019లో దాన్ని 5 నుంచి 7 శాతానికి పెంచారు), గొడవ వస్తే చెప్పుకోవడానికి రిజిస్ట్రార్ ఉంటారు. మా వీధి చీటీకి ఇవేవీ లేవు. నడిపే ఆవిడ ఒక రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. నావి పదకొండు నెలల డబ్బులు పోయాయి. పక్కింటి టైలర్ అక్క కూతురి పెళ్లికని దాచుకున్నదంతా పోయింది. స్టేషన్‌కు వెళ్తే చూపించడానికి చిన్న పుస్తకంలో ఆవిడ సంతకాలు తప్ప మా దగ్గర ఏమీ లేదు. ఆ రోజు అక్క ముఖం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఆర్డీలో అదే ఐదు వేలు ఇరవై నెలలు, 6.5 శాతం వడ్డీతో కడితే పైన వచ్చేది ఐదున్నర, ఆరు వేల మధ్య. పిల్లలు అంతేనా అంటారు. కానీ బ్యాంకు డిపాజిట్లకు 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో మనిషికి 5 లక్షల దాకా బీమా ఉంది. దీని లోపం ఏమిటంటే కట్టలేదేమని అడిగేవాళ్లు ఉండరు, ఫోన్లోనే మూసేయొచ్చు. మా మరిది అలాగే మూడు ఆర్డీలు మధ్యలో ఆపేశాడు. చూస్తే జీతం ఒకటిన పడుతోంది, ఆర్డీ కోత 25న పెట్టుకున్నాడు. మిగిలితే దాద్దాం అన్న ఆలోచన ఆ తేదీలోనే ఉంది. రెండో తారీఖుకు మార్చమన్నాను. నాలుగోది 24 నెలలూ కట్టాడు, కొత్త ఇంటి అడ్వాన్సుకు ఎవరినీ చేబదులు అడగలేదు. మధ్యలో అతని జీతమేమీ పెరగలేదు.

సిప్ గురించి ఎక్కువ చెప్పను. ఏడెనిమిదేళ్లు ముట్టుకోనని గట్టిగా అనుకున్న డబ్బుకే అది. దానికి డిపాజిట్ బీమా లేదు. 2020 జనవరిలో 42,000 దగ్గరున్న షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ మార్చిలో 26,000 కిందికి పడి, డిసెంబరులో 47,000 దాటింది. మార్చిలో టెన్షన్ పడి అమ్ముకున్నవాళ్లు నష్టపోయారు. ఆరు నెలల ఇంటి ఖర్చు ఆర్డీలోనో ఎఫ్డీలోనో ఉంటే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. అందుకే జీతగాళ్లకు ముందు ఆర్డీ, ఆ తర్వాతే సిప్ అంటాను.

రోజు కూలి, క్యాబ్, పూల వ్యాపారం చేసేవాళ్లకు ఈ సలహా నప్పదు. ఫలానా తేదీకి ఖాతాలో డబ్బు లేకపోతే సిప్ కోత బౌన్స్ అయి బ్యాంకు ఛార్జీ వేస్తుంది. వాళ్లకు కర్ణాటకలోనే పుట్టిన పిగ్మీ అనే రోజువారీ పొదుపు ఉంది. 1928లో సిండికేట్ బ్యాంకు మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఏజెంటు రోజూ వచ్చి, ఆ రోజు ఇవ్వగలిగినంత తీసుకెళ్తాడు. చీటీలోని మొహమాటం ఇందులోనూ ఉంది, పారిపోయే మనిషి భయం మాత్రం తగ్గుతుంది. అయితే పిగ్మీ కట్టించుకునేది బ్యాంకా, సహకార సొసైటీయా అని అడగాలి. సహకార బ్యాంకుకు ఆ 5 లక్షల బీమా వర్తిస్తుంది, సొసైటీకి వర్తించదు.

టైలర్ అక్క అది అడిగాకే మొదలుపెట్టింది. సాయంత్రం ఏజెంటు వచ్చేసరికి ఆ రోజు జాకెట్లు కుట్టిన డబ్బులోంచి 150 తీసి మిషన్ మీద పెట్టి ఉంచుతుంది. పండగల సీజన్లో 300 పెడుతుంది.