హారర్ సినిమా: తెలుగు డబ్బింగ్ మేలా, ఒరిజినల్ మేలా?

బెంగళూరులో ఉండే తెలుగువాళ్ళు హారర్ గురించి ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే: "మలయాళం సినిమా ఏదో బాగుందంటున్నారు. తెలుగు డబ్బింగ్ వచ్చేదాకా ఆగాలా, సబ్‌టైటిల్స్‌తో ఇప్పుడే చూసెయ్యాలా?" ఇక్కడ ఒకే మల్టీప్లెక్స్‌లో పక్కపక్క స్క్రీన్లలో మలయాళం, తమిళం, కన్నడ, హిందీ, ఇంగ్లీషు అన్నీ ఆడతాయి. ఎంచుకునే వీలుంది కాబట్టే ఈ తికమక.

మామూలు సినిమాకైతే మీ ఇష్టం అనేయొచ్చు. కథ, ఫైట్లు, సెంటిమెంటు డబ్బింగ్‌లో కూడా బాగానే నడిచిపోతాయి. హారర్ అలా కాదు. ఇందులో భయం చాలావరకు చెవిలోంచి లోపలికి దిగుతుంది, డబ్బింగ్ మార్చేదీ ఆ శబ్దాన్నే. అందుకే ఏ సినిమా గురించి అడిగినా ముందు చూసుకోవాల్సింది ఒకటే. ఈ సినిమాలో భయం గొంతులో ఉందా, ఫ్రేములో ఉందా? గొంతులో ఉంటే ఒరిజినల్. ఫ్రేములో ఉంటే డబ్బింగ్‌తో పెద్దగా పోయేదేమీ లేదు, కొన్నిసార్లు అదే మేలు.

డబ్బింగ్‌లో అసలేం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. సినిమా సౌండ్‌లో డైలాగులు ఒక ట్రాక్, మ్యూజిక్ ఒకటి, ఎఫెక్టులు ఒకటి. డబ్బింగ్ స్టూడియోకి డైలాగులు తీసేసి మిగతా రెండూ పంపుతారు. వినడానికి శుభ్రంగానే ఉంది కానీ, సింక్ సౌండ్‌లో, అంటే షూటింగ్‌లోనే మాటని రికార్డు చేస్తూ తీసిన సినిమాలో నటుడి మైకులో పడేది మాట ఒక్కటే కాదు. మాటకి ముందు పీల్చిన ఊపిరి, పంచె రెపరెప, నేల మీద కాలు జరిపిన చప్పుడు, ఆ గది గోడల మీంచి తిరిగొచ్చిన కొద్దిపాటి మోత అన్నీ అదే ట్రాక్‌లో ఉంటాయి. డైలాగ్ తీస్తే ఇవీ పోతాయి. పోయిన చప్పుళ్ళని ఫోలీ ఆర్టిస్టుల చేత మళ్ళీ చేయించి నింపుతారు. ఓపిగ్గా చేస్తే తేడా తెలియదు. హడావుడిగా చేస్తే మనిషి మాట్లాడుతున్నంతసేపు ఒక గది, మాట ఆగగానే ఇంకో గది వినిపిస్తాయి. నిశ్శబ్దమే ముఖ్యమైన సీన్లో ఇది ఘోరంగా తెలిసిపోతుంది.

రెండో నష్టం గుసగుసల్లో. డబ్బింగ్ ఆర్టిస్టు మూసిన గదిలో, మైకుకి దగ్గరగా నిలబడి చెప్తారు. తర్వాత ఎకో కలుపుతారు. అరుపుకి అది సరిపోతుంది. గుసగుసకి సరిపోదు, ఎందుకంటే గుసగుసలో మనకి వినిపించేది మాటకన్నా దూరం. చీకట్లో పది అడుగుల అవతల ఉన్నవాడు మెల్లగా పిలవడం, చెవి పక్కనే పిలవడం ఒకటి కాదు. పైగా డైలాగ్ స్పష్టంగా వినబడాలని చాలా డబ్బింగ్ మిక్సుల్లో గొంతు స్థాయి పెంచేస్తారు. అక్కడ పది అడుగుల దూరం రెండడుగులైపోతుంది.

దీనికి మంచి ఉదాహరణ రాహుల్ సదాశివన్ 'భ్రమయుగం'. మలయాళంలో 2024 ఫిబ్రవరి 15న వచ్చింది, తెలుగు డబ్బింగ్ 23న. మొత్తం బ్లాక్ అండ్ వైట్. 17వ శతాబ్దపు మలబారు, శిథిలమైన ఒక 'మన' (కేరళ నంబూద్రి బ్రాహ్మణుల పెద్ద ఇల్లు), అందులో ముగ్గురు మగవాళ్ళు. దాదాపు సినిమా అంతా ఇంతే. ఆ ఇంటి యజమాని కొడుమోన్ పోట్టిగా మమ్ముట్టి చేతిలో కత్తి ఉండదు, గొంతు ఉంటుంది. ఆకలితో వచ్చిన తేవన్‌ని కూర్చోబెట్టి, తిండి పెట్టి, పాట పాడించుకుని మెచ్చుకునే మాటలో నిజంగానే వాత్సల్యం వినిపిస్తుంది. తర్వాత పాచికల సీన్ చూడండి, కాదు, వినండి. పందెంగా పెట్టడానికి తేవన్ దగ్గర ఏమీ లేదు, కాబట్టి వాడి కాలాన్నే పెట్టమంటాడు. స్వరం ఎక్కడా పెరగదు. అదే వాత్సల్యం, అదే నిదానం, కాకపోతే మాట చివర చిన్న బరువు. అతిథి బానిస అయ్యాడని మనకి ఆ బరువు వల్లే తెలుస్తుంది. ఎంత మంచి డబ్బింగ్ ఆర్టిస్టయినా అర్థాన్ని తేగలడు, ఆ ఛాతీలోంచి వచ్చే గాలిని తేలేడు. ఈ సినిమా మలయాళంలోనే చూడాలి, ఇందులో నాకు రెండో మాట లేదు.

ఇదే దర్శకుడి 'భూతకాలం' (2022, సోనీలివ్) ఇంకా గట్టి కేసు. అమ్మగా రేవతి, కొడుకుగా షేన్ నిగమ్. 1992లో రామ్ గోపాల్ వర్మ 'రాత్రి'లో దయ్యం పట్టిన అమ్మాయిగా మనల్ని వణికించిన రేవతే, 30 ఏళ్ళ తర్వాత ఇందులో మానసికంగా కుంగిపోయిన తల్లి. ఇంట్లో నిజంగా ఏదైనా ఉందా, లేక వీళ్ళిద్దరి మనసులే చెడిపోయాయా అన్న అనుమానం మీదే సినిమా నిలబడుతుంది. ఆ అనుమానానికి ఆధారం తల్లీకొడుకులు గొడవపడేటప్పుడు విరిగే గొంతులు. వాటిని మారిస్తే మిగిలేది ఒక దయ్యాల కొంప కథే.

ఇంగ్లీషు వైపు రాబర్ట్ ఎగ్గర్స్ 'నోస్ఫెరాటు' (2024). అందులోని రక్తపిశాచి కౌంట్ ఓర్లాక్ కోసం బిల్ స్కార్స్‌గార్డ్ ఒక ఒపేరా గాయని దగ్గర సాధన చేసి తన స్వరాన్ని మామూలు స్థాయికన్నా చాలా కిందికి దించాడు. ప్రతి వాక్యానికి ముందు ఆ గురగుర ఊపిరి ఉంటుంది. ముఖం చాలాసేపు చీకట్లోనే ఉంచుతారు, పాత్రంతా గొంతే. దీన్ని ఏ భాషలో డబ్ చేసినా అది ఇంకో పాత్ర అవుతుంది.

మరి డబ్బింగ్‌కి ఏ బలమూ లేదా అంటే, ఉంది. చాలామంది గుర్తించనిది కూడా. మలయాళం, తమిళం, కన్నడల్లో మన తెలుగులాగే క్రియ వాక్యం చివర వస్తుంది. "మీ నాన్న నిన్న రాత్రి ఆ గదిలోనే చచ్చిపోయాడు" అన్నప్పుడు దెబ్బ చివరి మాటలో పడుతుంది. నటుడు అక్కడిదాకా లాగుతాడు, మ్యూజిక్ కూడా అక్కడే కోస్తుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో 'చచ్చిపోయాడు' ముందే వచ్చేస్తుంది. పైగా నటుడు మొదటి మాట అనేలోపే వాక్యమంతా తెర మీద ఉంటుంది. నటుడు ఆపి ఆపి చెప్తున్న రహస్యం మనకి అప్పటికే తెలిసిపోయి ఉంటుంది. తెలుగు డబ్బింగ్‌లో ఆ వరస చెడదు. అందుకే ఓటీటీలో తెలుగు సబ్‌టైటిల్స్ ఉన్న చోట నేను ఇంగ్లీషు జోలికి వెళ్ళను. ఒరిజినల్ గొంతు, తెలుగు అక్షరం... ఈ జోడీని మించింది లేదు. దొరకడమే కష్టం.

ఇక భయం ఫ్రేములో ఉండే సినిమాలు. 'ఫైనల్ డెస్టినేషన్: బ్లడ్‌లైన్స్' (2025) ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ విడుదలైంది. ఇందులో దయ్యం గొంతు లేదు, అసలు దయ్యమే లేదు. పెరటి విందులో ఐస్‌లో కలిసిన గాజు పెంకు, ట్రాంపొలిన్ కింద పడి ఉన్న గార్డెన్ రేక్... కన్ను ఇలాంటి వస్తువుల వెంట తిరుగుతూ ఉండాలి. ఏది దేనికి తగిలి ఎవరి ప్రాణం తీస్తుందో మనమే లెక్క వేసుకోవాలి. సబ్‌టైటిల్ కోసం కన్ను కిందికి దిగిన ఆ రెండు సెకన్లలోనే దర్శకుడు పెట్టిన గుర్తు దాటిపోతుంది. ఇంగ్లీషు చెవికి పూర్తిగా పట్టకపోతే ఇలాంటి సినిమా నిస్సంకోచంగా తెలుగులో చూడండి. 'ఎ క్వైట్ ప్లేస్' సిరీస్ గురించీ అదే మాట. అందులో డైలాగే తక్కువ, డబ్బింగ్ పాడుచేయడానికి పెద్దగా ఏమీ లేదు.

ఇంకో సంగతి. 'ఒరిజినల్' అన్న ప్రతిదీ ఒరిజినల్ గొంతు కాదు. తెలుగు, తమిళ కమర్షియల్ సినిమాల్లో హీరోయిన్లకి డబ్బింగ్ ఆర్టిస్టులు చెప్పడం మామూలే. అంటే తమిళ వెర్షన్‌లో వినిపించేది కూడా స్టూడియోలో చెప్పిన ఇంకొకరి గొంతే కావచ్చు. అలాంటప్పుడు తెలుగు డబ్బింగ్ వల్ల పోయేది తక్కువ. సుందర్ సి తమిళంలో తీసిన 'అరణ్మనై 4' తెలుగులో 'బాక్' పేరుతో వచ్చింది, అది తెలుగులోనే చూసుకోవచ్చు. 'డిమాంటే కాలనీ 2' (2024) విషయంలో మాత్రం నేను తమిళం వైపే. చెన్నైలో ఉండేవాళ్ళకి మరీనూ. ఆ కాలనీ ఆళ్వార్‌పేటలో నిజంగా ఉన్నదే, సినిమా భాష కూడా ఆ వీధి భాషలోనే ఉంటే పట్టు బిగుస్తుంది.

భాషల వారీగా నా తీర్పు ఇది. కన్నడకి బెంగళూరులో నాలుగేళ్ళు ఉన్నవాళ్ళెవరికీ డబ్బింగ్ అక్కర్లేదు. 'సు ఫ్రమ్ సో' (2025) తెలుగులోనూ వచ్చింది కానీ, ఆ నవ్వంతా కరావళి (కర్ణాటక తీర ప్రాంతం) ఊరి యాసలో ఉంది. హారర్ కామెడీలో నవ్వు అర క్షణం ఆలస్యమైతే దాని వెనక రావలసిన భయమూ జారిపోతుంది. యాస కొంచెం కొత్తగా అనిపిస్తే సబ్‌టైటిల్ తోడు పెట్టుకోండి. తమిళం సగం అర్థమైతే ఒరిజినలే. హిందీకి చర్చే లేదు. తెలుగులోనే తీసిన 'మసూద', 'విరూపాక్ష' లాంటివాటికి ఈ గొడవే రాదు. అసలు సమస్య మలయాళంతోనే, అతి తక్కువ అర్థమయ్యే భాష అదే, ఇప్పుడు హారర్ బాగా తీస్తున్నదీ వాళ్ళే. కాబట్టి కొంచెం కష్టపడమనే చెప్తాను.

మలయాళం, తమిళం డబ్బింగ్‌లో కళ్ళకి కనబడే లోపం ఒకటుంది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. తమిళం, మలయాళంలో 'వరుమ్' అని పెదవులు మూసుకుని ఆగిపోయే మాటలు చాలా. 'వస్తుంది' అనే మాటని ఆ నోటికి అతికిస్తే, పెదవులు మూసుకున్న తర్వాత కూడా గొంతు వినిపిస్తుంది. మిడ్ షాట్‌లో ఎవరూ పట్టించుకోరు. హారర్ దర్శకుడికి క్లోజప్ ఇష్టం, అక్కడే దొరికిపోతుంది. డైలాగ్ రచయిత ప, బ, మలు పెదవులకి కలిసేలా వేరే మాట వెతికితే దీన్ని చాలావరకు దాటొచ్చు. వెతికారో లేదో ట్రైలర్‌లోనే తెలిసిపోతుంది, టికెట్ తీసే ముందు తెలుగు ట్రైలర్‌లో ఒక క్లోజప్ గమనించండి.

థియేటర్‌కైతే: బుకింగ్ యాప్‌లో ఒకే సినిమా కింద భాషలు వేరువేరుగా ఉంటాయి, తొందరలో పక్కది నొక్కేస్తారు, టికెట్ మీద భాష చూసుకోండి. డబ్బింగ్ వారం తర్వాత వస్తే, అప్పటికి ఒరిజినల్ షోలు తగ్గిపోయి ఉంటాయి, ఆగడం వల్ల రెండూ పోయే ప్రమాదం ఉంది. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు వీకెండ్ సెకండ్ షోల్లో ఈలలు, కేకలు ఎక్కువ. గొంతు మీద నడిచే సినిమాకి వారం మధ్యలో మధ్యాహ్నం ఆట మంచిది.

ఓటీటీలో చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. సబ్‌టైటిల్స్‌లో 'సీసీ' అని ఉన్నదాన్ని వదిలి మామూలుది ఎంచుకోండి. సీసీ వినికిడి లోపం ఉన్నవాళ్ళ కోసం చేసింది, 'వెనక అడుగుల చప్పుడు' అని ముందే రాసి చూపిస్తుంది. తెల్లటి సబ్‌టైటిల్ చీకటి ఫ్రేములో టార్చిలా వెలుగుతుంది. సెట్టింగ్స్‌లో రంగు బూడిదకి మార్చి, సైజు చిన్నది చేసి, వెనక పెట్టె తీసేయండి. టీవీలో 'నైట్ మోడ్', 'ఆటో వాల్యూమ్' ఆపేయాలి, అవి గుసగుసని పెంచి అరుపుని తగ్గించి రెంటినీ ఒక్కటి చేస్తాయి. ఆడియో మెనూలో ఒరిజినల్‌కి 5.1 (చుట్టూ ఉన్న స్పీకర్లకి వేరువేరుగా శబ్దం పంపే మిక్సు) ఉండి, తెలుగుకి స్టీరియో మాత్రమే ఇచ్చారేమో చూడండి. అలా ఉంటే వెనకనుంచి రావలసిన చప్పుడు డబ్బింగ్‌లో రాదు. మీకున్నవి టీవీ స్పీకర్లే అయి డైలాగ్ మునిగిపోతుంటే మాత్రం 5.1 వదిలి స్టీరియోకి మారండి. గోడలు పల్చగా ఉండే పీజీ గదుల్లో వైరున్న హెడ్‌ఫోన్స్ ఉత్తమం. బ్లూటూత్‌లో శబ్దం ఒక్కోసారి కాస్త వెనకబడుతుంది, అసలే పెదవి కలవని డబ్బింగ్‌కి అది తోడైతే చూడలేం.

పుస్తకాల గురించి కూడా ఇదే ప్రశ్న వస్తుంది, అనువాదమా, మూలమా అని. అక్కడ నేను ఇంత పట్టుబట్టను. పుస్తకంలో గొంతు ఎలాగూ చదివేవాడిదే. మరియానా ఎన్రికేజ్ స్పానిష్‌లో రాసిన 'అవర్ షేర్ ఆఫ్ నైట్' ఇంగ్లీషు అనువాదంలో చదివినా ఆ అర్జెంటీనా చీకటి అలాగే పట్టుకుంటుంది. ఒక్క మినహాయింపు, స్టీఫెన్ గ్రాహమ్ జోన్స్ 'ది బఫెలో హంటర్ హంటర్' (2025). అందులో బ్లాక్‌ఫీట్ తెగవాడైన రక్తపిశాచి తన కథని తన భాష నుడికారంతో ఇంగ్లీషులో చెప్తాడు, అడవి దున్నని 'నల్లకొమ్ములు' అంటాడు. మొదట్లో నెమ్మదిగా సాగుతుంది, పేర్లు కూడా తడబెడతాయి. ఆ నుడికారమే పాత్ర కాబట్టి దాన్ని మాత్రం ఇంగ్లీషులోనే, ఆడియోబుక్ కాకుండా కాగితం మీద చదవండి. వెనక్కి తిప్పి ఎవరు ఎవరికి చెప్తున్నారో చూసుకోవాల్సిన అవసరం చాలాసార్లు వస్తుంది.