పాత జావా ప్రోగ్రామ్‌ని నైఫైలో నడపడం: ఎగ్జిక్యూట్‌స్ట్రీమ్‌కమాండ్ ఎంతవరకు నమ్మొచ్చు?

చాలా సంస్థల్లో క్రాన్‌లో (లైనక్స్‌లో పనుల్ని టైము ప్రకారం నడిపేది) తన మానాన తాను నడిచే జార్ (జావా ప్రోగ్రామ్ ఫైలు) ఒకటి ఉంటుంది. ఫిక్స్‌డ్ విడ్త్ ఫైలు (ఒక్కో కాలమ్‌కీ ఇన్ని అక్షరాలని ముందే లెక్క కట్టినది) తీసుకుని సీఎస్‌వీ (కామాలతో విడదీసిన ఫైలు) ఇస్తుంది. రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు, ముట్టుకోవడానికి ఉన్నవాళ్లకు ధైర్యం చాలదు. మిగతా పనంతా, డేటాని దశలవారీగా నడిపించే అపాచీ నైఫైకి మారుతున్నప్పుడు దీన్ని తిరగరాయాలా అన్న చర్చ మొదలవుతుంది. అక్కర్లేదు. నైఫైలో ఒక్కో దశనీ ప్రాసెసర్ అంటారు; ఎగ్జిక్యూట్‌స్ట్రీమ్‌కమాండ్ ప్రాసెసర్ ఆ జార్‌ని ఉన్నదున్నట్టు నిక్షేపంగా నడుపుతుంది. దీర్ఘకాలం వాడాక తేలిందేమిటంటే, తిప్పలన్నీ ప్రోగ్రామ్ లోపల కాదు, అది నైఫైని తాకే అంచుల దగ్గర వస్తాయి.

పేరు చూసి ఎగ్జిక్యూట్‌ప్రాసెస్‌ని ఎంచుకోకండి. దానికి లోపలికి వచ్చే కనెక్షన్ ఉండదు, షెడ్యూల్ ప్రకారం నడిచి ఊరుకుంటుంది. వచ్చిన ప్రతి ఫ్లోఫైల్‌నీ (నైఫైలో కదిలే ఒక్కో డేటా ముక్క) ప్రోగ్రామ్‌కి అందించాలంటే ఎగ్జిక్యూట్‌స్ట్రీమ్‌కమాండే కావాలి. ఫ్లోఫైల్‌లో ఉన్నది స్టాండర్డ్ ఇన్‌పుట్‌గా వెళ్తుంది, స్టాండర్డ్ అవుట్‌పుట్‌లో వచ్చింది కొత్త ఫ్లోఫైల్ అవుతుంది. జార్ ఇన్‌పుట్ ఫైలు పేరే అడుగుతుంటే, లైనక్స్‌లో ఆ పేరు చోట /డెవ్/ఎస్‌టీడీఇన్ ఇచ్చి చూడండి. ఫైలుని మొదటి నుంచి చివరిదాకా వరసగా చదివే ప్రోగ్రామ్ అయితే పని జరిగిపోతుంది. అసలు స్టాండర్డ్ ఇన్‌పుట్ చదవని ప్రోగ్రామ్ అయితే 'ఇగ్నోర్ ఎస్‌టీడీఇన్' ట్రూ పెట్టాలి, లేకపోతే లాగ్ నిండా బ్రోకెన్ పైప్ ఎర్రర్లే.

కమాండ్ పాత్‌లో జావా పూర్తి పాత్ ఇవ్వండి. నైఫై 2కి జావా 21 కావాలి, మీ జార్‌కి జావా 8 కావాలి; రెండూ పక్కపక్కనే బతకగలవు, ఎందుకంటే జార్ నడిచేది వేరే జేవీఎంలో (జావాని నడిపే యంత్రాంగం). ఆర్గ్యుమెంట్ల మధ్య మాత్రం స్పేస్ కాదు, సెమికోలన్ పెట్టాలి. మొదట ఎక్స్‌ఎంఎక్స్ (హీప్‌కి, అంటే జావా వాడే మెమరీకి, హద్దు పెట్టే ఆప్షన్) ఇచ్చి స్పేస్ పెడితే మొత్తం ఒకే ఆర్గ్యుమెంట్‌గా వెళ్లి, 'ఇన్‌వ్యాలిడ్ మ్యాగ్జిమమ్ హీప్ సైజ్' అంటూ దాని వెనక మీ జార్ పేరు కూడా కలిపి చూపిస్తుంది. ఆ మెసేజ్ కనపడితే మెమరీ గురించి వెతుక్కోవద్దు, సెమికోలన్ చూసుకోండి. ఎగ్జిక్యూట్‌ప్రాసెస్‌లో డిఫాల్ట్ స్పేసే కావడం వల్ల అక్కడి నుంచి కాపీ చేసినవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. మధ్యలో షెల్ (టెర్మినల్‌లో కమాండ్లని చదివి నడిపేది) ఉండదు కాబట్టి పైప్, స్టార్ గుర్తులు పనిచేయవు. అవి తప్పదనుకుంటే చిన్న స్క్రిప్ట్ రాసి దాన్ని పిలవాలి.

ఇక అవుట్‌పుట్. జావా ప్రోగ్రామ్‌లు లాగ్ రాయడానికి వాడే లాగ్4జే 2లో కన్సోల్ అపెండర్ (లాగ్‌ని తెర మీదికి పంపే భాగం) డిఫాల్ట్‌గా స్టాండర్డ్ అవుట్‌పుట్‌కే రాస్తుంది. క్రాన్‌లో ఎవరూ పట్టించుకోని 'ప్రాసెసింగ్ స్టార్టెడ్' అన్న లైను ఇక్కడ సీఎస్‌వీ మొదటి వరసలో కూర్చుంటుంది. అపెండర్ టార్గెట్‌ని సిస్టమ్ ఎర్రర్‌కి (ఎర్రర్ల కోసం విడిగా ఉన్న దారి) మార్చేస్తే ఆ గోల వదులుతుంది.

తెలుగు డేటా ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాల్సింది ఎన్‌కోడింగ్ దగ్గర. టెర్మినల్‌లో చేత్తో నడిపితే పేర్లన్నీ శుభ్రంగా వస్తాయి. అదే జార్ సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసుల్ని నడిపేది) సర్వీస్‌గా నడిచే నైఫై కింద, లాంగ్ (LANG, భాషనీ ఎన్‌కోడింగ్‌నీ చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్) లేని చోట, అక్షరాలన్నిటినీ ప్రశ్నార్థకాలు చేసేస్తుంది. ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే అంకె, సున్నా అంటే అంతా సవ్యం) సున్నాయే, ఎర్రర్ ఏమీ ఉండదు. 'సీత' అన్న పేరుతో పరీక్షించండి. మూడు ప్రశ్నార్థకాలొస్తే చదవడం సరిగానే జరిగింది, రాసేటప్పుడు పోయింది: స, దీర్ఘపు గుర్తు, త, మూడు క్యారెక్టర్లు. తొమ్మిదొస్తే చదివేటప్పుడే పోయింది, ఎందుకంటే యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు. జావా 18 నుంచి డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అయినా సిస్టమ్ అవుట్ (జావాలో స్టాండర్డ్ అవుట్‌పుట్) మాత్రం లొకేల్‌నే, అంటే లాంగ్ చెప్పిన సెట్టింగ్‌నే, అనుసరిస్తుంది, కాబట్టి కొత్త జావా వేసినంత మాత్రాన గట్టెక్కరు. ప్రాసెసర్‌లో డైనమిక్ ప్రాపర్టీగా ఏది చేర్చినా అది ప్రోగ్రామ్‌కి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా అందుతుంది. అక్కడ లాంగ్‌కి సీ.యూటీఎఫ్-8 ఇస్తే రెండు వైపులా సర్దుకుంటుంది.

నాకు బొత్తిగా నచ్చనిది 'నాన్‌జీరో స్టేటస్' రిలేషన్‌షిప్ (ప్రాసెసర్ నుంచి బయటికి వెళ్లే దారుల్లో ఒకటి). ప్రోగ్రామ్ ఫెయిలైతే అసలు ఇన్‌పుట్ అటు వెళ్తుందని అందరూ అనుకుంటారు. అటు వెళ్లేది సగంలో ఆగిన అవుట్‌పుట్. దాన్ని రీట్రై కోసం వెనక్కి తిప్పితే సగం సీఎస్‌వీ మళ్లీ ఫిక్స్‌డ్ విడ్త్ ఇన్‌పుట్‌గా ప్రోగ్రామ్‌లోకి పోతుంది. అసలు ఫైలు ఎప్పుడూ 'ఒరిజినల్' వైపే వెళ్తుంది, దాన్నేమో చాలామంది ఆటో టెర్మినేట్ చేసి పారేస్తారు. అలా చేయకుండా, ఒరిజినల్ తర్వాత రూట్‌ఆన్‌ఆట్రిబ్యూట్ (ఆట్రిబ్యూట్‌ని, అంటే ఫ్లోఫైల్‌కి తగిలించిన వివరాన్ని, బట్టి దారి మళ్లించే ప్రాసెసర్) పెట్టి, ఎగ్జిక్యూషన్.స్టేటస్ (ఎగ్జిట్ కోడ్) సున్నా కాని వాటినే వెనక్కి పంపండి. ఎందుకు ఫెయిలైందో ఎగ్జిక్యూషన్.ఎర్రర్ ఆట్రిబ్యూట్‌లో ఉంటుంది.

మెమరీకి హద్దు పెట్టడం తప్పనిసరి. ఎక్స్‌ఎంఎక్స్ ఇవ్వకపోతే జేవీఎం సాధారణంగా మెషీన్ మెమరీలో నాలుగో వంతు దాకా హీప్ పెంచుకోవచ్చు. 16 జీబీ సర్వర్‌లో కాంకరెంట్ టాస్క్స్ (ఒకేసారి ఎన్ని నడవాలన్న సెట్టింగ్) 4 పెడితే నైఫైకి ఏం మిగులుతుందో లెక్కేసుకోండి. స్టేటస్ 137 వస్తే దాదాపుగా మెమరీ చాలక కెర్నెలే (లైనక్స్ మూల భాగం) ప్రోగ్రామ్‌ని చంపేసిందని అర్థం. ఫిక్స్‌డ్ విడ్త్ మార్పిడికి 512 ఎంబీ సాధారణంగా చాలు.

చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో వస్తుంటే ఇది నత్తనడకే. ఒక్కో ఫ్లోఫైల్‌కీ ఒక జేవీఎం పుట్టి చావాలి మరి. ముందు మెర్జ్‌కంటెంట్ ప్రాసెసర్ పెట్టి ఫైళ్లని కలిపేయడమే దారి. జార్‌ని నైఫై లోపలే నడిచే గ్రూవీ స్క్రిప్ట్ నుంచి నేరుగా పిలిస్తే వేగం వస్తుంది, నిజమే. కానీ పాత ప్రోగ్రామ్ చివర సిస్టమ్.ఎగ్జిట్ ఉందంటే అది నైఫైని కూడా వెంటబెట్టుకు పోతుంది.

ఎగ్జిక్యూట్‌స్ట్రీమ్‌కమాండ్‌లో టైమౌట్ (గడువు) లేకపోవడం పెద్ద లోటు. ప్రోగ్రామ్ ఇరుక్కుంటే నైఫై థ్రెడ్ కూడా దాంతోపాటే ఇరుక్కుంటుంది. కమాండ్ పాత్‌లో లైనక్స్ టైమౌట్ కమాండ్ పెట్టి, ఆర్గ్యుమెంట్లలో 600, ఆ తర్వాత జావా పాత్ ఇవ్వండి. పది నిమిషాలు దాటితే ఆపేసి 124 తిప్పి ఇస్తుంది. స్టాప్ నొక్కితే నడుస్తున్న ప్రోగ్రామ్ ఆగదు. టెర్మినేట్ చేశాక కూడా సర్వర్‌లో ఆ జావా ప్రాసెస్ మిగిలిందేమో పీఎస్ కమాండ్ (నడుస్తున్న ప్రాసెస్‌లని చూపేది) కొట్టి చూసుకున్నాకే మళ్లీ స్టార్ట్ చేయండి.