మూసాపేట షెడ్డులో వేయించిన వంకాయ రంగు పెర్ల్ పెయింటు

హైదరాబాదులో బండ్లకు రంగు వేసే షెడ్లకు కొదవ లేదు. పుత్లీబౌలిలో విడిభాగాలు కొనేటప్పుడు అడిగినా, బాలానగర్ వైపు వర్క్‌షాపుల్లో విచారించినా ఎవరో ఒకరు ఒక ఉస్తాద్ పేరు చెప్పక మానరు. వారిలో చాలామంది కంపెనీ రంగును తిరిగి తెప్పించడంలో దిట్టలే గానీ, చూసే కోణాన్ని బట్టి మెరుపు మారే పెర్ల్ పెయింటును లోతు కనిపించేలా వేసేవారు మాత్రం అరుదు. మూసాపేట లోపలి వీధిలో, బోర్డు కూడా లేని ఒక చిన్న షెడ్డులో మా బుల్లెట్‌కు వేయించిన పని ఆ అరుదైన కోవలోకి వస్తుందని నా నమ్మకం. ట్యాంకు, సైడు బాక్సులు, మడ్‌గార్డులు, హెడ్‌లైటు కేసింగ్ అన్నీ కలిపి రూ. 16,000 తీసుకున్నారు. ఆ ధర ఎక్కువా తక్కువా అన్నది పని ఎలా జరిగిందో తెలిస్తేనే తేలుతుంది కాబట్టి ఈ సమీక్షలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

నేను అడిగిన రంగు నీడలో దాదాపు నల్లగా, ఎండ తగలగానే వంకాయ రంగులో కనిపించాలి. ఇలాంటి బేరానికి వెళ్తే సాధారణంగా ఫోనులో నాలుగు ఫొటోలు చూపించి అడ్వాన్సు అడుగుతారు. ఈ ఉస్తాద్ మాత్రం పాత మడ్‌గార్డు నుంచి కోసిన మూడు రేకు ముక్కల మీద ఒకే పెర్ల్‌ను కొట్టి ఇచ్చి, "ఈడ చూస్తే తెల్వది సార్, బయట ఎండల చూడండి, మల్ల రాత్రి ట్యూబులైటు కింద పెట్టి చూడండి" అన్నాడు. మూడింటికీ అడుగు రంగులు వేరు. తెలుపు మీద వేసిన ముక్కలో పెర్ల్ ఉందా లేదా అన్నంత పలచగా కనిపించింది. నలుపు మీద వేసినది ఎదురుగా చూస్తే కణకణలాడింది గానీ కాస్త వంచగానే ఒక్కసారిగా చీకటి పడిపోయింది. ముదురు వంకాయ రంగు మీద వేసిన మూడో ముక్కలోనే మెరుపు క్రమంగా తగ్గుతూ అడుగు రంగులోకి కలిసిపోయింది, నాకు కావలసింది అదే.

ఒకే పెర్ల్ మూడు రకాలుగా ఎందుకు కనిపిస్తుందో తెలుసుకుంటే పెర్ల్ పని సగం అర్థమైనట్టే. మామూలు రంగు తన కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది, పెర్ల్ కప్పదు. అందులో ఉండేది టైటానియం డయాక్సైడ్ పూసిన అభ్రకపు పొరలు, అంటే గూడూరు గనుల వల్ల మనకు బాగా తెలిసిన ఖనిజమే సన్నని రేకులుగా విడిపోయిన రూపం. ఆ పూత పైతలం నుంచి, అడుగుతలం నుంచి తిరిగివచ్చే కాంతి ఒకదానితో ఒకటి కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడి కొన్ని సన్నగిల్లుతాయి. పూత మందం మారితే కనిపించే రంగు కూడా మారుతుంది. మిగిలిన కాంతి రేకును దాటి కిందికి పోతుంది. అడుగు తెల్లగా ఉంటే అది మళ్లీ పైకి చిమ్మి పెర్ల్ రంగును వెలవెలబోయేలా చేస్తుంది, నల్లగా ఉంటే అక్కడే ఇంకిపోతుంది. అభ్రకం మీద ఈ పూత 1960ల దశకంలో మార్కెట్లోకి రాకముందు ఈ మెరుపు కోసం చేప పొలుసుల నుంచి తీసిన పదార్థాన్ని, విషపూరితమైన సీసపు లవణాలను వాడేవారన్న సంగతి ఇప్పుడు చాలామందికి తెలియదు. రేకుల సైజు కూడా ముఖ్యమే. 15 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు రేకులు పట్టుబట్టలా నున్నటి నిగారింపునిస్తాయి, 50 మైక్రాన్లు దాటినవి విడివిడి చుక్కలుగా మెరుస్తాయి. ఉస్తాద్ సన్నరకాన్నే ఎంచాడు, బుల్లెట్ ట్యాంకు వంపులకు ఆ నిర్ణయం సరిగ్గా సరిపోయింది.

పని జరుగుతుండగా రెండు మూడుసార్లు వెళ్లి చూశాను. పాత రంగు గీకి, పుట్టీ, ప్రైమర్ పెట్టి, వాటర్ పేపరుతో రుద్ది నునుపు చేసే దశ అన్ని షెడ్లలోనూ ఉండేదే కనుక దాని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. అసలు నైపుణ్యం పెర్ల్ కొట్టేటప్పుడు కనిపించింది. రంగును పట్టి ఉంచే పారదర్శకమైన బైండర్‌లో పెర్ల్ కలిపి, అభ్రకం అడుగున పేరుకోకుండా కప్పులో పోసే ప్రతిసారీ కలియతిప్పి, వడగట్టి, స్ప్రే గన్‌ను ట్యాంకుకు సమాన దూరంలో ఉంచుతూ ఈ చివర నుంచి ఆ చివర దాకా మధ్యలో ఆగకుండా నడిచాడు. ప్రతి దెబ్బ ముందు దెబ్బను సగానికి పైగా కప్పేలా వేశాడు. ఒక కోటు అడ్డంగా కొడితే తరువాతి కోటు నిలువుగా కొట్టాడు. కోటు మరీ తడిగా పడితే రేకులు అందులో ఈదుకుంటూ ఒకచోట చేరి మబ్బులు పట్టినట్టు మచ్చలు వస్తాయి, గన్ చేతిలో తడబడితే చారలు పడతాయి. చివరి కోటును కాస్త దూరం నుంచి, గాలి తగ్గించి, పొడిపొడిగా చిలకరించాడు. రేకులన్నీ ఒకే తీరుగా సర్దుకోవడానికి ఆ చివరి కోటే ఆధారం. కంప్రెసర్ దగ్గర నీటిని వడకట్టే ఫిల్టరును పని మొదలుపెట్టే ముందు ఖాళీ చేయడం కూడా గమనించాను. గాలిలో ఒక్క చుక్క నీరు కలిసినా ఇంత పనీ చెడిపోతుంది.

లోతు పెర్ల్ నుంచి వస్తే నిగనిగ దాని మీద వేసే రంగులేని పూత, అంటే క్లియర్ కోటు నుంచి వస్తుంది. ఈ రెండూ వేరని తెలిసిన షెడ్డును వెతుక్కోవాలని నేను గట్టిగా చెబుతాను. పెర్ల్ పొరను ఎప్పుడూ పేపరుతో రుద్దకూడదు, రుద్దితే రేకులు తెగి మచ్చ శాశ్వతంగా నిలిచిపోతుంది. కాబట్టి దాని మీద పూతను గట్టిపరిచే హార్డెనర్ కలిపిన క్లియర్‌ను రెండు కోట్లు వేసి, బాగా ఆరనిచ్చి, 800 నంబరు వాటర్ పేపరుతో మెరుపంతా పోయి పాలిపోయేదాకా రుద్ది, మళ్లీ క్లియర్ కొట్టారు. రెండోసారి పడే క్లియర్ అప్పటికే చదునైన తలం మీద పడుతుంది గనుక నారింజ తొక్కలాంటి గరుకు మిగలదు. ఆ తరువాత 2000, 3000 నంబర్లతో తేలికగా సాపు చేసి కాంపౌండ్‌తో బఫింగ్ చేశారు. బండి చేతికి వచ్చాక ట్యాంకు మీద ట్యూబులైటు ప్రతిబింబాన్ని వెతికి చూశాను. పెట్రోల్ మూత పక్కనున్న వంపు దగ్గర తప్ప ఎక్కడా ఆ గీత వణకలేదు, దాని కింద వంకాయ రంగు మరో తలంలో నిలిచి ఉన్నట్టు కనిపించింది.

లోపాలు కూడా చెప్పాలి. హెడ్‌లైటు కేసింగ్ మొదట ట్యాంకు కంటే స్పష్టంగా పలచగా వచ్చింది. దాన్ని వేరే రోజు విడిగా కొట్టారు, పెర్ల్ ఒక కోటు తక్కువ పడింది. పెర్ల్ పనిలో ప్రతి అదనపు కోటూ రంగును మారుస్తుంది కాబట్టి బండి భాగాలన్నీ ఒకే విడతలో, ఒకే లెక్కన కొట్టాలి. నేను చూపించగానే వాదించకుండా పైసా అడగకుండా మళ్లీ చేసి ఇచ్చారు, అయితే అందువల్ల చెప్పిన గడువు బాగా దాటింది. అంతకన్నా నన్ను బాధించినది మరొకటి. ఉస్తాద్ ఆవిర్లను వడగట్టే కార్ట్రిడ్జ్ మాస్కు పెట్టుకుని క్లియర్ కొడుతుంటే పక్కన సాయం చేసే కుర్రవాడు ముఖానికి రుమాలు కట్టుకుని నిలబడ్డాడు. హార్డెనర్‌లోని ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉబ్బసం తెచ్చిపెడతాయి, వాటిని రుమాలు ఆపలేదు. నేను చెప్పాను, మీరు వెళ్లినప్పుడు మీరూ చెప్పండి. గిరాకీలు పదేపదే అడిగితే తప్ప ఈ షెడ్లలో ఈ అలవాటు మారదు.

వేయించుకోదలచినవారికి కొన్ని మాటలు. నమూనా రేకును తప్పక అడిగి తీసుకుని, దాని వెనుక అడుగు రంగు పేరు, పెర్ల్ కోట్ల సంఖ్య రాయించుకోండి. రేపు గీత పడితే ఆ రేకు లేకుండా రంగు కలపడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే పెర్ల్‌లో చిన్న టచప్ కుదరదు, ఆ భాగం మొత్తాన్ని మళ్లీ కొట్టవలసిందే. బండి రంగు మారినట్టయితే ఆర్‌టీఓ కార్యాలయంలో ఆర్‌సీ మీద నమోదు చేయించుకుని ఇన్సూరెన్సు వారికీ తెలియజేయండి. మొదటి నెల వ్యాక్స్ జోలికి పోకుండా మంచి నీళ్లు, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డ మాత్రమే వాడమని ఉస్తాద్ చెప్పాడు, అది పాటించదగిన సలహా. ఈ షెడ్డులో మూసిన బూత్ లేదు, టార్పాలిన్ తెరలు దించి నేల తడిపి పని చేస్తారు, కాబట్టి జోరువానల రోజుల్లో బండి ఇవ్వకపోవడమే మంచిది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలి పొడిగా ఉండే నెలల్లో, తొందరపెట్టకుండా ఇవ్వగలిగితే నేను నిస్సంకోచంగా ఇక్కడికే పంపుతాను.